గోడలో కంప్యూటరు, బడిలో గురువు

దక్షిణ దిల్లీలోని కాల్కాజీలో ఎన్.ఐ.ఐ.టి. యను కంప్యూటరు శిక్షణ సంస్థకు ఒక కార్యాలయము ఉండెడిది. దాని ప్రహరీగోడకు ఆవల ఎవరికిని పట్టని ఖాళీ స్థలమును, ఆ స్థలమునకు ఆనుకొని పేదల గుడిసెలును ఉండెడివి. గోడకు ఈవలివారికి కంప్యూటరు నిత్యజీవనోపాధి కాగా, ఆవలి పిల్లలలో పెక్కురు దానిని కన్నులార చూచియైనను ఎరుగరు. 1999 జనవరి 26వ తేదీన ఆ సంస్థలో పరిశోధకులుగా ఉండిన సుగతా మిత్రా ఆ గోడకు రంధ్రము చేయించి, తెర వాడవైపునకు కనబడునట్లు అందొక కంప్యూటరును అమర్చి, ఇంటర్‌నెట్‌తో కలిపి, వేలితో రాచి నడుపు పలకను గోడలోనే పొదిగించి, బోధకుని గాని, ఉపయోగించు విధము తెలుపు బోర్డును గాని పెట్టక, జరుగునది కనిపెట్టుటకు సమీపమందలి చెట్టున ఒక వీడియో కెమెరాను మాత్రము కట్టించి ఊరకుండిరి.

కొన్ని గంటలు గడచునప్పటికే పిల్లలు దాని చుట్టు మూగిరి. ఒకడు వేలు కదపగా తెరపై బాణపుగుర్తు కదలుట, మరియొకడు తట్టగా బొమ్మ తెరచుకొనుట, ఆ వింతను మూడవవాడు తక్కినవారికి చూపుట, ఈ విధముగా ఇంగ్లీషు సరిగా రాని బాలబాలికలు కొద్దిదినములలోనే వెబ్ పుటలు తెరచుటయు, బొమ్మలు గీయుటయు, ఆటలాడుటయు నేర్చిరి. బాణపుగుర్తును సూది యనియు, యంత్రము పనిలో మునిగియున్నదని తెలుపు ఇసుకగడియారపు బొమ్మను డమరువనియు తమలో తామే పేర్లు పెట్టుకొనిరి. అదే సంవత్సరము మధ్యప్రదేశ్‌లోని శివపురిలోను, మరుసటి యేడు ఉత్తరప్రదేశ్‌లోని మదన్‌తూసీ గ్రామములోను ఇట్టి కంప్యూటర్లనే పెట్టి చూడగా ఇంచుమించు ఇట్టి ఫలితమే కనబడెను. పెద్దల జోక్యము సాధ్యమైనంత తగ్గించు ఈ పద్ధతికి కీర్తి వేగముగా వచ్చెను. ప్రపంచ బ్యాంకు బృందములోని అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్ భాగస్వామియై 2001లో ఇందుకొక ప్రత్యేక సంస్థయే వెలసెను. తరువాత స్లమ్‌డాగ్ మిలియనీర్ చలనచిత్రముగా రూపొందిన తన నవలకు ఈ ప్రయోగమే ప్రేరణ యని వికాస్ స్వరూప్ చెప్పిరి. 2013లో మిత్రాకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమానము లభించెను.

ఒక ప్రయోగము ఎంత మనోహరమైనదైనను, అది ఏ ప్రశ్నకు సమాధానము చెప్పినదో, ఏ ప్రశ్న జోలికే పోలేదో విడదీసి చూడనిచో దాని మనోహరత్వమే మనలను దారి తప్పించును. పిల్లలు ఎవరి సాయమును లేకయే కంప్యూటరును వాడుట నేర్వగలరా యని కాల్కాజీ గోడ అడిగెను. నేర్వగలరని నిస్సంశయముగా చెప్పెను. కాని ప్రాథమిక పాఠశాల అడుగు ప్రశ్న వేరు. కంప్యూటరును నేర్చుట కాదు, కంప్యూటరు వలన చదువును, లెక్కను నేర్చుట దానికి కావలెను. ఈ రెండును ఒకటే యనుకొని, వర్ధమాన దేశములలో ప్రభుత్వములును దాతలును ఎన్నియో కోట్లు వెచ్చించిరి.

ఒంటరిగా వదలిన యంత్రము

ఆ భ్రమకు మొదటి పరీక్ష దిల్లీలోనే జరిగినది. 2000లో దిల్లీ ప్రభుత్వము అంబేద్కర్ నగర్ పునరావాస కాలనీలో, గోడలకు రంధ్రములు చేసి తెరలు బయటికి కనబడునట్లు కంప్యూటర్ల కేంద్రములను నెలకొల్పెను. మౌసునకును కీబోర్డునకును బదులు కడ్డీలును మీటలును అమర్చిరి, బోధకులు లేరు. అచ్చటికి వెళ్లి చూచిన మార్క్ వార్షౌర్ అను అమెరికా పరిశోధకుడు వ్రాసినదేమనగా, ఇంటర్‌నెట్ సంధానము అరుదుగా పనిచేయుచుండెను. పిల్లల చదువునకై సిద్ధపరచిన కార్యక్రమము లేదు. వారి భాషయగు హిందీలో చెప్పుకొనదగిన సామగ్రి లేదు. పిల్లలు మీటలను నడుపుట నేర్చిరి గాని కాలమంతయు బొమ్మలు గీయుటలోను ఆటలలోను గడచిపోవుచుండెను. తల్లిదండ్రులలో కొందరు సంతోషించినను, ఎవరును నేర్పని చోట పిల్లలేమి నేర్చుకొందురని మరికొందరు సందేహించిరి. ఆ సందేహము చదువురాని వారి వెనుకబాటని కొట్టివేయదగినది కాదు. పాయల్ అరోరా యను పరిశోధకురాలు ఉత్తరాఖండ్‌లోని అల్మోడా, హవల్‌బాగ్ అను చోట్లకు పోయి చూచి, అచ్చటి గోడ కంప్యూటర్లు మూతపడిన సంగతిని 2010లో ప్రకటించిరి. పెట్టినవారు వెడలిన పిమ్మట దాని బాగోగులు చూడవలసిన బాధ్యత ఎవరిదో తేలకపోవుట అందుకొక ముఖ్యకారణము.

మిత్రాయే జరిపిన మరియొక ప్రయోగము ఈ సందర్భమున మిక్కిలి బోధకరము. తమిళనాట కళిక్కుప్పము అను గ్రామములో తమిళము మాట్లాడు పిల్లలకు జీవకణములలోని డి.ఎన్.ఏ.ను గూర్చిన పాఠములను ఇంగ్లీషులో కంప్యూటరునందుంచి, మీరే నేర్చుకొనుడని వదలివేసిరి. మొదట ఇంచుమించు సున్నగా నుండిన వారి మార్కులు కొన్ని వారములలో 30 శాతమునకు చేరెను. పిదప ఆ శాస్త్రమేమియు తెలియని ఒక స్థానిక యువతిని, పిల్లల వెనుక నిలిచి అమ్మమ్మవలె మెచ్చుకొనుచు, ఇది యెట్లు చేసితివి, నాకు చూపవా యని అడుగుచుండుమని నియోగింపగా మార్కులు సుమారు 50 శాతమునకు పెరిగి, దిల్లీలోని ఒక మంచి ప్రైవేటు పాఠశాల పిల్లలతో సమానమయ్యెను. ఈ ప్రయోగమును యంత్రము సాధించిన విజయముగా చాటువారు దాని రెండవ సగమును మరచుచున్నారు. 30ని 50 చేసినది తెర కాదు, పిల్లల వెనుక నిలిచిన మనిషి. ఆమె శాస్త్రము చెప్పలేదు. పిల్లవాని ప్రయత్నమును గమనించి, అతనిచేత ఇంకొక అడుగు వేయించినది. ఆ గమనింపు బోధనలో సగము.

తెరకు పూర్వచరిత్ర

యంత్రముచేత పాఠము చెప్పించవలెనను ఆశ కాల్కాజీతో పుట్టినది కాదు. 1950లలో హార్వర్డు విశ్వవిద్యాలయములో బి.ఎఫ్. స్కిన్నర్ ఒక బోధనాయంత్రమును నిర్మించి, విద్యార్థి జవాబిచ్చిన మరుక్షణమే అది తప్పో ఒప్పో తెలియవలెననియు, ప్రతివాడును తన వేగముతోనే ముందుకు సాగవలెననియు వాదించెను. 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పాట్రిక్ సప్పీస్ ఈ భావమునకే కంప్యూటరు రూపమిచ్చి ప్రాథమిక తరగతుల పిల్లలచేత లెక్కలు చేయించెను. మన దేశములో 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరముపాటు, నాసా యెరవిచ్చిన ఉపగ్రహము ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు చేయబడెను. అందు ఉదయపు వేళ ప్రసారములు బడిపిల్లలకే కేటాయింపబడినవి. 1984లో ప్రారంభమైన కంప్యూటరు అక్షరాస్యతా పథకము దాదాపు 250 పాఠశాలలకు బ్రిటను నుండి వచ్చిన బి.బి.సి. మైక్రో యంత్రములను చేర్చెను. 2011 అక్టోబరు 5న దిల్లీలో విడుదలైన ఆకాశ్ అను చవక టాబ్లెటు హైదరాబాదులో కూర్చబడినదే.

ఈ పరంపరలో ఒక భేదమును గుర్తింపవలెను. టెలివిజను ఉపగ్రహము ఎదుటనున్న లక్షమందికి ఒకే మాట చెప్పును; ఎవనికి అర్థమైనదో అది ఎరుగదు. స్కిన్నర్ యంత్రము ఒక్కనికే చెప్పును, అతని జవాబును వినును. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో హైదరాబాదులోని ఒక అల్పాదాయ వర్గపు ప్రైవేటు పాఠశాలలో మిత్రా, జేమ్స్ టూలీ ప్రభృతులు చేసిన చిన్న ప్రయత్నము ఈ రెండవ కోవకు చెందినది. మాటను అక్షరములుగా మార్చు సాఫ్ట్‌వేర్ ఎదుట పిల్లలను కూర్చుండబెట్టి, యంత్రమునకు అర్థమగునంతవరకు ఇంగ్లీషు మాటలను మరల మరల పలికించగా, వారి ఉచ్చారణ గుర్తింపదగినంతగా మెరుగుపడెను. నూరు పర్యాయములు తప్పు పలికినను యంత్రము విసుగుకొనదు, తోటివారి ఎదుట నవ్వదు. కంప్యూటరునకు బడిలో చోటున్నదన్నచో, అది ఈ వినుట అను గుణము వలననే గాని వెలుగు తెర వలన కాదు.

పిల్లవాడు నిలిచియున్న చోటు

52 నుండి 38 తీసివేయుమని పలకపై లెక్క ఇచ్చినప్పుడు మూడవ తరగతి పిల్లవాడు 26 అని వ్రాసెననుకొనుడు. యాభైమంది పలకలు దిద్దవలసిన ఉపాధ్యాయుడు దానిపై తప్పు గుర్తు పెట్టి ముందుకు సాగును. కాని ఆ 26 ఊరక పుట్టినది కాదు. ఒకట్ల స్థానములో 2 నుండి 8 పోదని కనుగొన్న పిల్లవాడు, పదుల స్థానము నుండి అప్పు తెచ్చుకొనుటకు మారుగా 8 నుండి 2ను తీసి 6 వ్రాసినాడు; పిదప 5 నుండి 3 తీసి 2 వ్రాసినాడు. ప్రతి స్థానములోను పెద్ద అంకె నుండి చిన్న అంకెను తీయవలెనను నియమమొకటి తానే కల్పించుకొని, దానిని నిష్ఠతో పాటించుచున్నాడు. మరునాడు 58 నుండి 32 తీయుమన్నచో అదే నియమముతో అదే 26 వ్రాసి మెప్పు పొందును. మార్కుల పుస్తకములో ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. పిల్లవాడు అజాగ్రత్తపరుడని గురువు తలచును. నిజమునకు అతనిలో లేనిది జాగ్రత్త కాదు, స్థానవిలువ జ్ఞానము.

చక్కగా రచింపబడిన సాఫ్ట్‌వేర్ ఇచ్చట చేయు పని యేదనగా, ఆ 26ను తప్పులలో ఒక తప్పుగా కాక ఒక ఆధారముగా గైకొని, వెంటనే 41 నుండి 17 తీయుమని అడుగును. పిల్లవాడు 36 అన్నచో అనుమానము బలపడును. 60 నుండి 24 తీయుమన్నప్పుడు 44 అన్నచో స్థిరపడును. అంతట అది తీసివేతను ప్రక్కన పెట్టి, ఒక మెట్టు వెనుకకు పోయి, అయిదు పుల్లల కట్టలును రెండు విడిపుల్లలును చూపి, ఒక కట్టను విప్పినచో ఎన్ని కట్టలు, ఎన్ని విడిపుల్లలు మిగులునని ప్రశ్నించును. అనుభవజ్ఞుడగు పంతులు ఒక్క శిష్యుని ఎదుట కూర్చున్నప్పుడు చేయునది ఇదియే. యాభైమంది ఎదుట నిలిచినప్పుడు అతడు చేయజాలనిది కూడ ఇదియే.

దిల్లీ బడుల స్థితిలో ఈ పనికి గల ప్రాముఖ్యము మిక్కుటము. అచ్చట ప్రాథమిక పాఠశాలలు చాలవరకు నగరపాలక సంస్థ యధీనములోను, ఆరవ తరగతి నుండి బడులు రాష్ట్ర ప్రభుత్వము చేతిలోను ఉన్నవి. అయిదు ముగించిన పిల్లవాడు యాజమాన్యము మారి క్రొత్త బడిలో ప్రవేశించునప్పుడు, అతనికి అంతవరకు రాని లెక్కకు జవాబుదారి ఎవరును ఉండరు. విద్యాహక్కు చట్టము క్రింద ఎనిమిదవ తరగతి వరకు ఎవరిని నిలిపివేయరాదను నియమము 2019 సవరణ వరకు అమలులో ఉండుటచే, తరగతి పెరుగుచుండెను గాని చదువు పెరిగినదో లేదో చూచువాడు లేడు. పాఠ్యపుస్తకము మాత్రము అందరిని సమానులుగా భావించి సాగిపోవును. ఒకే కొలతకు కుట్టిన చొక్కాను తరగతిలో అందరికిని తొడిగినట్లుండును ఆ బోధన.

ఈ దురవస్థను కొలిచి చూపినది 2015 సెప్టెంబరు నుండి 2016 ఫిబ్రవరి వరకు దిల్లీలో జరిగిన ఒక పరిశోధన. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియాన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు ప్రభుత్వ పాఠశాలల నుండి 619 మంది విద్యార్థులను గైకొని, చీట్లు వేసి వారిని రెండు పాయలుగా విభజించిరి. ఒక పాయలోని వారు బడి వేళలు గడచిన పిమ్మట మైండ్‌స్పార్క్ అను సాఫ్ట్‌వేర్ గల కేంద్రములకు వారమునకు ఆరు రోజులు ఉచితముగా పోవచ్చును. అచ్చట 45 నిమిషములు కంప్యూటరు ఎదుట, 45 నిమిషములు చిన్న జట్టుగా సహాయకుని వద్ద గడపుదురు. ఆరవ తరగతి పిల్లవాడు గణితములో సగటున రెండున్నర తరగతులు వెనుకబడియుండెనని మొదటి పరీక్షలోనే తేలినది. వీరు ప్రాథమిక దశ దాటిన వారే యైనను, వారి వెనుకబాటు మూలము ప్రాథమిక తరగతులలోనే ఉన్నది. నాలుగున్నర నెలల పిమ్మట కేంద్రములకు అవకాశము పొందినవారు గణితములో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనముల మేరకు తక్కినవారికంటె ముందుండిరి. ఈ పరిభాషను విప్పి చెప్పినచో, నూర్గురు పిల్లలను తెలివి క్రమములో వరుసగా నిలిపినప్పుడు నడుమ నున్న ఏబదవవాడు గణితములో సుమారు 64వ స్థానమునకును, హిందీలో 59వ స్థానమునకును ఎగబ్రాకుటకు ఇది సమానము. పిల్లలు సగటున పనిదినములలో 58 శాతము మాత్రమే హాజరైనప్పుడు కలిగిన ఫలమిది.

అంతకంటె ఆలోచింపజేయు విషయము రెండవ పాయలో ఉన్నది. కేంద్రమునకు పోని వారిలో మిక్కిలి వెనుకబడిన మూడవ వంతు పిల్లలు, ఆ నెలలన్నియు బడికి పోయియు, కొలువదగినంత అభివృద్ధి యేమియు పొందలేదు. పాఠము వారి తలమీదుగా సాగిపోవుచుండెను. సాఫ్ట్‌వేర్ వారికి మేలు చేయుటకు కారణము అది గొప్ప పాఠము చెప్పుట కాదు. వారు నిలిచియున్న చోటు నుండి మొదలుపెట్టుట.

చేర్చుటయా, తొలగించుటయా

ఐనచో ప్రతి తరగతిలో కంప్యూటరు పెట్టి, పంతులు గంటను దానికి ఒప్పగించిన చాలునా? గుజరాత్ అనుభవము ఇందుకు సమాధానము చెప్పుచున్నది. 2002 నుండి 2004 వరకు వడోదర పురపాలక పాఠశాలలలో ప్రథమ్ అను స్వచ్ఛంద సంస్థ నాలుగవ తరగతి పిల్లలచేత వారమునకు రెండు గంటలు కంప్యూటరు మీద గణితపు ఆటలు ఆడించెను. ఆ యంత్రములను ప్రభుత్వము మునుపే ఇచ్చియుండెను. అందు పెక్కు వాడుక లేక మూలబడియుండెను. తరువాతి కాలమున నోబెల్ బహుమానము పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తమ సహచరులతో కూడి పరిశీలింపగా, గణితములో మొదటి యేడు 0.35, రెండవ యేడు 0.47 ప్రామాణిక విచలనముల లాభము కనబడెను. కాని కార్యక్రమము ఆగిన యేడాదికి ఆ లాభములో అధికభాగము తొలగిపోయెను. సాధన మానిన పిల్లవానికి ఎక్కములు మరపునకు వచ్చుట వంటింటి తల్లియును ఎరిగినదే. లెక్క మాత్రము ఇప్పుడు తేలినది.

అదే రాష్ట్రములో జ్ఞానశాల అను స్వచ్ఛంద సంస్థ బడులను పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్త లీ లిండెన్ ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు విధముల వాడి చూచెను. బడి ముగిసిన పిమ్మట అదనముగా వాడినప్పుడు పిల్లలు లాభపడిరి. పంతులు పాఠమును తగ్గించి దాని స్థానమున వాడినప్పుడు నష్టపోయిరి. యంత్రము అదే, పిల్లలును అట్టి పిల్లలే. మారినది అది ఆక్రమించిన గంట మాత్రమే. ఆ గంటలో అంతకు మునుపు మంచి బోధన జరుగుచుండెనేని, దానిని తొలగించి యంత్రమును పెట్టుట నష్టమగుట సహజము. దక్షిణ అమెరికాలోని పెరూలో ఒక్కొక్క పిల్లవానికి ఒక్కొక్క లాప్‌టాప్ పంచిపెట్టిన పథకమును 319 గ్రామీణ పాఠశాలలలో పరీక్షింపగా, భాషలో గాని గణితములో గాని అభివృద్ధి కనబడలేదు. యంత్రములు వచ్చినవి, వాటిని ఏ పాఠమునకు, ఎవరు, ఏ గంటలో వాడవలెనను వ్యవస్థ రాలేదు.

ఈ ఫలితములు పైకి పరస్పర విరుద్ధములుగా తోచినను, వాటిని కలుపు సూత్రము స్పష్టము. పిల్లవాని స్థాయి కనుగొని, ఆ స్థాయిలో సాధన చేయించి, అతని బోధనాకాలమును పెంచినచోట యంత్రము ఫలించినది. పాఠ్యపుస్తకమునే తెరపైకి ఎక్కించినచోట, పంతులు గంటను హరించినచోట, దిక్కులేక వదలివేయబడినచోట విఫలమైనది. దిల్లీ ప్రభుత్వమే 2016లో చునౌతీ పేరను, 2018లో మిషన్ బునియాద్ పేరను, పిల్లలను వారి చదువుస్థాయిని బట్టి జట్లుగా విభజించి చదువుట, వ్రాయుట, లెక్క నేర్పుటకు పూనుకొన్నది. అందు కంప్యూటరు అవసరము పడలేదు. సరియగు మెట్టు నుండి బోధించుట అను సూత్రమునకు యంత్రము జన్మస్థానము కాదు, సహాయము మాత్రమే యనుటకు ఇది నిదర్శనము.

కొనుటకు మునుపు అడుగవలసినవి

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు టాబ్లెట్లు పంచెను. ఇతర రాష్ట్రములును ఈ త్రోవనే నడచుచున్నవి. ఇట్టి ప్రతి కొనుగోలుకు మునుపు పాఠశాల పెద్దలు విచారింపవలసినవి కొన్ని కలవు. ఈ సాఫ్ట్‌వేర్ మూడవ తరగతి పిల్లవానిని రెండవ తరగతి లెక్కకు తీసికొనిపోవుటకు అంగీకరించునా, లేక ఎల్లరకును ఒకే వీడియో చూపునా? ప్రశ్నలు పిల్లవాడింట మాట్లాడు భాషలో ఉన్నవా? వడోదరలో వలె ఇద్దరు పిల్లలు ఒక యంత్రము ఎదుట కూర్చుండినప్పుడు రెండవవానికి పనియున్నదా, లేక మొదటివాని భుజముమీదుగా చూచుటయే అతని చదువా? దీనికై ఏ గంట కేటాయింపబడినది, ఆ గంటలో మునుపు ఏమి జరుగుచుండెను? యంత్రము చెడినప్పుడు బాగుచేయువాడు జిల్లా కేంద్రములో ఉన్నాడా, మండలములో ఉన్నాడా? అన్నింటికంటె ముఖ్యము, యంత్రము సేకరించిన సమాచారమును ఎవరు చదువుదురు? ఏయే పిల్లలు అప్పు తెచ్చుకొను తీసివేతలో తడబడుచున్నారో తెలుపు పట్టిక ఉపాధ్యాయురాలి చేతికి మరునాటి ఉదయము చేరి, ఆ పిల్లలను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టుకొని పుల్లల కట్టలు విప్పి చూపు తీరికయు ఆమెకు ఉండవలెను. ఆ పట్టిక సచివాలయములోని తెరపై అంకెలుగా మెరసి అచ్చటనే నిలిచినచో, కొన్నది పర్యవేక్షణ యంత్రము గాని బోధనాయంత్రము కాదు.

యంత్రములు కొనుట ఒక టెండరుతో ముగియు పని. పిల్లవాడు ఎచ్చట నిలిచియున్నాడో కనుగొని అచ్చటి నుండి పైకి తెచ్చు పని ప్రతి ఉదయమును క్రొత్తగా మొదలుపెట్టవలసినది. దానికి జీతమును, శిక్షణయు, తీరికయు గల మనుష్యులు కావలెను. విద్యాశాఖ బడ్జెటులో మొదటి పనికెంత, రెండవ పనికెంత కేటాయింపబడినదో పోల్చి చూచువాడు, ఆ టాబ్లెట్లు రెండేండ్ల పిమ్మట ఎట్లుండునో ముందుగానే చెప్పగలడు.